అటు చూడండి: దంపతులకు ఏడు రోజుల నీటి ప్రయాణం

పడవలో ఇద్దరు మనుషులు అనగానే తెలుగువాళ్లకు గోదావరి, పాపికొండలు కళ్ల ముందుకొస్తాయి. బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) ఆ నీటి దారిని మన మనసుల్లో అచ్చు వేశాయి. నీటి మీద కొన్నాళ్లు కలిసి తిరిగితే మనుషులు దగ్గరవుతారన్న నమ్మకం ఆ సినిమాల వెనుక ఉంది. ఆ నమ్మకం నిజమే. దాన్ని సినిమాకే వదిలేయకుండా మన సంసారంలోకి తెచ్చుకోవడమెలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

పెళ్లయి అయిదేళ్లో పాతికేళ్లో గడిచాయి. ఇంట్లో పెద్ద గొడవలేమీ లేవు. అయినా ఇద్దరి మధ్యా నడిచే మాటలను ఒకరోజు కాగితం మీద రాసి చూడండి. గ్యాస్ బుక్ చేశావా, పిల్లాడి ఫీజు కట్టారా, అత్తయ్యగారి మందులు అయిపోయాయి, రేపు కరెంటు బిల్లుకి ఆఖరి రోజు. అన్నీ అవసరమైనవే, ఒక్కటీ తప్పు కాదు. కానీ ఈ మాటలన్నీ తీసేస్తే మిగిలేది ఎంత? చాలా ఇళ్లలో ఆ జవాబు భయపెడుతుంది. ఈ అధ్యాయం అలాంటి ఇళ్ల కోసం.

మన దంపతుల ప్రయాణాలు చాలావరకు పెళ్లిళ్లకో, పుణ్యక్షేత్రాలకో, పిల్లల సెలవులకో ముడిపడి ఉంటాయి. వాటిలో ఇద్దరూ బాధ్యతలు మోస్తూనే ఉంటారు. అందుకే ఏడు రోజులు, ఇద్దరే, వీలైనంతవరకు నీటి వెంట వెళ్లండని చెబుతున్నాను. దానికి కేరళ దాకా పోనక్కర్లేదు. ఏలూరు నుంచి బయల్దేరి కొల్లేరు మీదుగా, ఉప్పుటేరు దాటి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది దాకా వెళ్లి, తాడేపల్లిగూడెం మీదుగా తిరిగొచ్చే దారి ఒకటి మన కాళ్ల దగ్గరే ఉంది. ఈ దారంతా ఒకే పడవ తీసుకెళ్లదు. దోనె, బోటు, పంటు, హౌస్‌బోటు, మధ్యమధ్య రైలు, కారు. ఎక్కుతూ దిగుతూ వెళ్లాలి. ఎక్కడమూ దిగడమూ ఎదురుచూడడమూ కూడా ఈ పాఠంలో భాగమే.

కొల్లేరు చేసే పని

ఈ ప్రయాణానికి కొల్లేరునే నడిమధ్య పెట్టడానికి కారణం ఉంది.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఈ సరస్సు ఏర్పడింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీళ్లు ఇందులోకి చేరతాయి. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో ఒక్కుమ్మడిగా వచ్చిపడిన వరదను కొల్లేరు తనలో నిలుపుకుని, ఉప్పుటేరు మోయగలిగినంత మేరకు కొద్దికొద్దిగా సముద్రానికి వదులుతుంది. అందుకు దానికి కావాల్సిందల్లా ఖాళీ చోటు.

ఆ చోటును మనం మిగలనివ్వలేదు. చేపల చెరువుల గట్లు సరస్సు గర్భంలోకి చొచ్చుకెళ్లాయి. 1999లో సరస్సులోని 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం చెరువుల గట్లు తెంచింది. అయినా ఆక్రమణల బాధ పూర్తిగా తీరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీళ్లు దిగువకు వచ్చి కొల్లేటి లంక గ్రామాల దారులను ముంచాయి. వరద రావడం ప్రకృతి ధర్మం. అది నిలవడానికి చోటు లేకపోవడం మనుషులు చేసుకున్నది.

సంసారంలో తీరిక చేసే పని సరిగ్గా ఇదే. ఉద్యోగంలో అవమానం, తమ్ముడితో ఆస్తి తగాదా, పిల్లల మార్కులు, మోకాళ్ల నొప్పి, అన్నీ ఎక్కడెక్కడి నుంచో ఇంట్లోకి వచ్చిపడతాయి. ఇద్దరి మధ్యా కాస్త ఖాళీ ఉంటే అవి అందులో నిలిచి, మాటల దారిన మెల్లగా బయటికి పోతాయి. ఆ ఖాళీని ఓవర్‌టైముతో, సీరియళ్లతో, ఫోనుతో, వాట్సాప్ గ్రూపులతో నింపేసుకుంటే మొదటి వానకే ఇల్లు మునుగుతుంది. ‘చిన్న మాటకే ఇంత గొడవా?’ అని తరవాత ఆశ్చర్యపోతాం. మాట చిన్నదే. నిలవడానికి చోటే లేదు.

ఏడు రోజుల ప్రయాణం ఆ చోటును మళ్లీ తవ్వుకోవడానికి.

చిన్న పిలుపుకు పలకడం

ఖాళీ దొరికాక అందులో చేయాల్సిన పని ఒకటుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ కొత్తగా పెళ్లయిన జంటలు కలిసి గడిపే తీరును దగ్గరగా గమనించారు. ఆరేళ్ల తరవాత వాళ్లలో ఎవరు కలిసి ఉన్నారో, ఎవరు విడిపోయారో చూశారు. రెండు గుంపులకూ మధ్య ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కలిసి ఉన్నవాళ్లు గమనించిన నాళ్లలో ఒకరి చిన్నచిన్న పిలుపులకు ఒకరు నూటికి 86 సార్లు పలికారు. విడిపోయినవాళ్లు పలికింది 33 సార్లే.

పిలుపు అంటే పెద్ద విషయమేమీ కాదు. ‘ఏవండీ, అటు చూడండి, ఆ కొంగ ఎంత పెద్దదో!’ అని భార్య అంటుంది. ఆమె అడుగుతున్నది కొంగ గురించి కాదు, నా సంతోషంలోకి ఒక్క నిమిషం రారా అని. భర్త తలెత్తి చూసి ‘అవునే, దాని ముక్కు చూడు’ అంటే ఆ పిలుపు అందింది. ఫోనులోంచి తల ఎత్తకుండా ‘ఊఁ’ అంటే అందలేదు. ‘కొంగల్ని ఎప్పుడూ చూడనట్టు మాట్లాడతావేంటి’ అంటే ఆమె ఇక పిలవడం మానేస్తుంది.

భర్తల పిలుపులు ఇంకో రూపంలో ఉంటాయి. ‘మా చిన్నప్పుడు ఈ కాలవలో ఈత కొట్టేవాళ్లం’ అంటాడాయన. అది సమాచారం కాదు, తన చిన్నతనంలోకి ఆహ్వానం. ‘ఈ మాట ఇప్పటికి వందసార్లు చెప్పారు’ అంటే తలుపు మూసుకుంటుంది. ‘ఎవరెవరు వెళ్లేవాళ్లు? మీ నాన్నగారు కొట్టేవారు కాదా?’ అంటే తెరుచుకుంటుంది.

పడవలో కూర్చున్నప్పుడు ఇలాంటి పిలుపులు ఇంట్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పుడతాయి. ప్రతి మలుపులో చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. లేచి వెళ్లిపోవడానికి వేరే గది ఉండదు. వేగం మన చేతిలో లేదు కాబట్టి తొందరా ఉండదు. ఈ వారమంతా మీరు సాధన చేయాల్సింది ఒక్కటే: ‘అటు చూడండి’ అంటే అటు చూడడం.

బయల్దేరే ముందు అయిదు ఒప్పందాలు

ఇంట్లోనే, కాఫీ తాగుతూ, ఇద్దరూ కూర్చుని ఇవి తేల్చుకోండి.

ఒకటి, కాలం. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల నెలలు. డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఈ దారికి మంచి కాలం. ఎండ తేలిగ్గా ఉంటుంది, కొల్లేటిలో పక్షులు గూళ్ల మీద ఉంటాయి, దాళ్వా నాట్లతో చేలు పచ్చబడుతుంటాయి. సంక్రాంతి వారాన్ని మాత్రం వదిలేయండి. కోడిపందేల రోజుల్లో భీమవరం చుట్టుపక్కల గది దొరకదు, రోడ్డు మీద కారు కదలదు. మాఘంలో భీష్మ ఏకాదశి రోజుల్లో అంతర్వేది కల్యాణోత్సవాలు జరుగుతాయి. జనం మధ్య ఉండడం ఇష్టమైతే ఆ రోజులు కలుపుకోండి, లేకపోతే తప్పించుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. అప్పుడు నీటి ప్రయాణం కోసం వస్తే చూడగలిగేది ఎండిన కాలవ అడుగే.

రెండు, వంతు. బేసి రోజులు ఒకరివి, సరి రోజులు ఇంకొకరివి. ఎవరి రోజున ఎప్పుడు లేవాలి, ఎక్కడ తినాలి, ఏ పడవ ఎక్కాలి అన్నది వాళ్ల ఇష్టం. రెండోవాళ్లు సలహా అడిగితేనే చెప్పాలి. ఇంట్లో ఎప్పుడూ ఒకరే నడిపించే జంటలకు ఈ నియమం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. అలాంటివాళ్లకే దీని అవసరం ఎక్కువ.

మూడు, ఫోను. ఫొటోలకు ఒక ఫోను చాలు. రెండోది సంచిలో ఉండాలి. ఇంటికి ఫోను చేసే వేళ ఒకటి పెట్టుకుని, ఆ వేళకే చేయండి.

నాలుగు, డబ్బు. ప్రయాణానికని ఒక మొత్తం పక్కన పెట్టి, అందులో కొంత ‘ఎందుకు కొన్నావని అడగకూడని డబ్బు’గా ఇద్దరికీ సమానంగా పంచుకోండి. దాంతో ఆమె లేసు కొనుక్కోవచ్చు, ఆయన ఎండు చేపలు కొనుక్కోవచ్చు. జమాఖర్చు అడిగే హక్కు ఎవరికీ లేదు.

అయిదు, వద్దనే హక్కు. పడవ దగ్గర నిలబడ్డాక ఇద్దరిలో ఎవరికి భయం వేసినా ‘వద్దు’ అంటే ఆ పడవ ఎక్కకూడదు. కారణం అడగకూడదు, వెక్కిరించకూడదు, తరవాత నలుగురిలో చెప్పుకోకూడదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి దాదాపు యాభై మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. నీటి ముందు మొహమాటం పనికిరాదు. లైఫ్ జాకెట్ లేని పడవ, మనుషులు కిక్కిరిసిన పడవ, చీకటి పడ్డాక కదిలే పడవ, ఈ మూడింటినీ ఇద్దరూ ముందే ‘వద్దు’ జాబితాలో రాసుకోండి. జాకెట్ ఇస్తే పక్కన పెట్టుకోవడం కాదు, తొడుక్కుని బకిల్ పెట్టుకోవాలి. భార్య జాకెట్ భర్త, భర్త జాకెట్ భార్య సరిచూడండి.

మొదటి రోజు: ఏలూరు, కాలవ గట్టు

మొదటి రోజు పడవ ఎక్కొద్దు. ఇంటి హడావిడి ఒంట్లోంచి దిగడానికి ఒక రోజు పడుతుంది. ఏలూరు చేరి సాయంత్రం కాలవ గట్టున నడవండి. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847–52 మధ్య కట్టించాడు. ఆ తరవాత తవ్విన కాలవలు చేలకు నీళ్లివ్వడంతోపాటు పడవలు నడపడానికీ పనికొచ్చాయి. గోదావరి నుంచి వచ్చే ఏలూరు కాలవ, విజయవాడ నుంచి వచ్చే కృష్ణా ఏలూరు కాలవ ఈ ఊళ్లోనే కలుస్తాయి. ఒకప్పుడు కాకినాడలో ఎక్కిన బియ్యం బస్తా ఈ కాలవలు, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ మీదుగా నీటి మీదే మద్రాసు చేరేది. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో పడవలు లాగేవారు. రైలు వచ్చాక, రోడ్లు పడ్డాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. 2008లో పార్లమెంటు చట్టం చేసి ఈ దారిని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. ఏలూరు దగ్గర ప్రయాణికుల పడవలు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

గజ్జలవారి చెరువు దగ్గరి పెద్ద బుద్ధ విగ్రహం చూడండి. ఏలూరు తివాచీలు నేసే మగ్గం ఎక్కడైనా కనిపిస్తే ఒక గంట అక్కడే కూర్చోండి. ఈ రోజు చేయాల్సిన పని: రాత్రి పడుకోబోయే ముందు ‘ఈ వారం నీకేం కావాలి?’ అని ఒకరినొకరు అడగండి. ‘ఏమీ అక్కర్లేదు’ అన్న జవాబు చెల్లదు. నిద్ర కావాలి, మంచి చేపల పులుసు కావాలి, నన్ను విసుక్కోకుండా ఉంటే చాలు, ఏదైనా సరే. విన్నవాళ్లు వాదించకుండా గుర్తుపెట్టుకోవాలి.

రెండో రోజు: కొల్లేటికోట

ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్లే రోడ్డు కొల్లేటి నడుమ నుంచే పోతుంది. రెండు పక్కలా నీళ్లు, గుర్రపుడెక్క, చేపల చెరువుల గట్లు, తాటిచెట్లు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. సరస్సు మధ్యలోని ఈ లంకకు వెనకటి రోజుల్లో పడవ తప్ప దారి లేదు. ఫాల్గుణంలో జాతర, జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం జరుగుతాయి. ఇప్పుడు రోడ్డు మీద వెళ్లవచ్చు. నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు దారి మారుతుంది కాబట్టి కైకలూరులోనో ఆకివీడులోనో అడిగి బయల్దేరండి.

ఇక్కడి వడ్డి కులస్తుల బతుకంతా ఈ నీళ్లతోనే. లోతు తక్కువైన చోట్ల తాటిదోనె మీద నిలబడి గెడతో నెట్టుకుంటూ వెళ్తారు. కొత్తగా ఎక్కినవాళ్లు ఇద్దరూ ఒకేసారి ఒకే పక్కకు వంగితే దోనె ఒరుగుతుంది. పడవాయన ‘కదలకండి బాబూ, అమ్మగారు కూర్చున్నాక మీరు కూర్చోండి’ అంటాడు. ఆయన చెప్పినట్టు చేయండి. ఇంట్లో పెత్తనం ఎవరిదైనా, నీటి మీద ఇద్దరూ మూడో మనిషి మాట వినాలి. భార్య ముందు తగ్గడం కష్టమనుకునే భర్తలకూ, భర్త ముందు తగ్గితే అలుసవుతానని భయపడే భార్యలకూ ఇది మంచి అభ్యాసం. ఇద్దరూ కలిసి ఒకరి మాట విన్నప్పుడు ఎవరూ ఓడిపోరు.

అక్కినేని కుటుంబరావు రాసిన ‘కొల్లేటి జాడలు’ నవల సంచిలో పెట్టుకోండి. సాయంత్రం ఒకరు చదవండి, ఇంకొకరు వినండి. ఆ సరస్సు, ఆ మనుషులు ఎలా ఉండేవారో అక్కడే కూర్చుని తెలుసుకోవడం వేరు. పెళ్లయిన తరవాత ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు వినడం ఎన్ని ఇళ్లలో జరిగింది? మొదలుపెట్టి చూడండి.

మూడో రోజు: ఆటపాక

కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖ పక్షుల కేంద్రం ఉంది. ఇక్కడ బోటు షికారు దొరుకుతుంది. పొద్దున్నే వెళ్లండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. పక్షుల అరుపులు, రెక్కల చప్పుడు, చేపల వాసన, అన్నీ ఒకేసారి మీద పడతాయి.

గూడబాతుల సంసారాన్ని తీరిగ్గా గమనించండి. గుడ్లు పొదగడం ఆడపక్షి ఒక్కదాని పని కాదు. రెండూ వంతులవారీగా పొదుగుతాయి. ఒకటి గూట్లో ఉంటే ఇంకొకటి మేతకు వెళ్తుంది. పిల్లలను మేపడమూ రెండింటి పనే. ఇది చూస్తూ ఉండగానే మన ఇంటి పనుల సంగతి మాట్లాడుకోవడం మంచిది. ఇంట్లో అయితే ఆ మాట ఎత్తగానే ఫిర్యాదులా వినిపిస్తుంది. ఇక్కడ ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మాట్లాడతారు కాబట్టి పదును తగ్గుతుంది.

ఈ రోజు పని: బోటు దిగాక ఒకరు ఇంకొకరిని అడగాలి, ‘ఇంటి పనుల్లో నీకు అన్నిటికంటే బరువుగా అనిపించేది ఏది?’ జవాబు విన్నాక వెంటనే పరిష్కారం చెప్పొద్దు. ‘ఎప్పటి నుంచి?’ అని మాత్రం అడగండి. బరువు చెప్పుకోవడానికే కొందరికి సగం వారం పడుతుంది.

నాలుగో రోజు: ఉప్పుటేరు దాటి నరసాపురం

కైకలూరు నుంచి ఆకివీడు, భీమవరం మీదుగా నరసాపురానికి రైల్లో వెళ్లండి. దారిలో రైలు ఉప్పుటేరు దాటుతుంది. భీమవరంలో దిగితే గునుపూడి సోమేశ్వరుడి గుడి ఉంది, పంచారామాల్లో ఒకటి.

నరసాపురం లేసుకు పేరున్న ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పిన అల్లిక ఇది. చుట్టుపక్కల పల్లెల్లో వేలమంది స్త్రీల చేతుల్లో పెరిగి దేశాలు దాటింది. జర్మన్ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు అల్లే స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం వెలువరించారు. ప్రపంచ మార్కెట్‌కు సరుకు చేసి పంపే ఈ ఆడవాళ్లను చుట్టూ ఉన్న సమాజం తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే చూసిందని, వాళ్ల పనిని పనిగానే లెక్కపెట్టలేదని ఆమె చూపించారు.

ఒక లేసు గుడ్డ చేతిలోకి తీసుకుని మీ ఇంటి గురించి ఆలోచించండి. ఈ ప్రయాణానికి మందులు సర్దిందెవరు? పక్కింటివాళ్లకు తాళాలిచ్చిందెవరు? తులసి మొక్కకు నీళ్లు పోయమని చెప్పిందెవరు? పాలు వద్దని, పేపరు వద్దని గుర్తుపెట్టుకుని చెప్పిందెవరు? ఈ పనులకు పేరు లేదు, జీతం లేదు. గుర్తుపెట్టుకోవడమే ఒక పని అని చాలామంది భర్తలకు తట్టనే తట్టదు. ఈ రోజు పని భర్తది: ఈ ప్రయాణం కోసం భార్య చేసిన పనులన్నిటినీ ఆమెను అడిగి కాగితం మీద రాయండి. రాశాక ఆ జాబితా చదివి వినిపించండి. అందులో మూడు పనులు ఇక మీదట మీవి. భార్య కూడా భర్త మౌనంగా మోస్తున్న బాధ్యతల జాబితా రాయవచ్చు. అప్పు వాయిదా గురించి ఆయన ఒక్కడే ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకున్నాడో అప్పుడు తెలుస్తుంది.

అయిదో రోజు: పంటు మీద అంతర్వేదికి

నరసాపురం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి చేరతారు. మనుషులు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, కార్లు, కూరల గంపలు, అన్నీ కలిసి వెళ్తాయి. పంటు నిండేదాకా ఎదురుచూడాలి. ఇక్కడే చాలామంది భార్యాభర్తలకు చిరాకు మొదలవుతుంది.

‘ఏవండీ, ఇంకెంతసేపు?’

‘నన్నడుగుతావేంటి, పంటు నేను నడుపుతున్నానా?’

ఈ రెండు మాటల్లో తప్పు ఎవరిదని వెతకొద్దు. ఆమె అడిగింది టైము కాదు, విసుగ్గా ఉందని చెప్పింది. ఆయనకు వినిపించింది నింద. ఇలా మార్చి చూడండి.

‘ఏవండీ, ఇంకెంతసేపు?’

‘తెలియదు. ఎండగా ఉందా? ఆ నీడలోకి పోదాం పద. టీ తాగుతావా?’

ఎదురుచూడడం తప్పని చోట ఎదురుచూపును పంచుకోవడమే మర్యాద. రేవులో దీన్ని నేర్చుకుంటే ఆసుపత్రి వరండాలో, రిజల్టుల రోజున, కూతురి పురుడు రోజున పనికొస్తుంది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి. నదీముఖంలో అలలూ ఆటుపోట్లూ కలిసి లోపలికి లాగుతాయి. స్నానానికి దిగొద్దు. గట్టున కూర్చుని చూడండి, అది చాలు.

ఆరో రోజు: దిండి

రాజోలు దగ్గర వశిష్ఠ ఒడ్డున దిండిలో పర్యాటక సంస్థ హౌస్‌బోట్లు నడుపుతోంది. బయల్దేరే ముందే ఫోను చేసి, ఆ రోజుల్లో నడుస్తున్నాయో లేదో కనుక్కుని గది ఖాయం చేసుకోండి. బోటు దొరకకపోతే ఒడ్డున గది తీసుకుని, పగటిపూట చిన్న బోటులో ఒక గంట తిరగండి.

ఈ రోజు చూడాల్సిన స్థలాల జాబితా పెట్టుకోవద్దు. కొబ్బరి తోటలు రెండు పక్కలా మెల్లగా జరుగుతుంటాయి. అయిదు రోజులుగా చిన్న మాటలు మాట్లాడుకున్నారు కాబట్టి ఈ రోజు ఒక పెద్ద మాట మాట్లాడవచ్చు. ఇంట్లో ఎత్తలేకపోయిన మాట ఏదైనా సరే: రిటైరయ్యాక ఎక్కడ ఉండాలి, అమ్మను మన దగ్గరికి తెచ్చుకుందామా, నేను మళ్లీ ఉద్యోగం చేయాలనుకుంటున్నాను, ఆ రోజు నువ్వన్న మాట నన్ను ఇంకా బాధపెడుతోంది.

మూడు నియమాలు పాటించండి. ఒక్కటే విషయం ఎత్తాలి. ఒకరు పది నిమిషాలు మాట్లాడితే ఇంకొకరు మధ్యలో అడ్డుపడకుండా వినాలి. విన్నవాళ్లు ముందు ‘నువ్వు అంటున్నది ఇదీ’ అని తిరిగి చెప్పి, అవునా అని అడిగాకే తమ మాట చెప్పాలి. మాట తెగకపోతే తెగకపోనివ్వండి. ఆ రోజు నిర్ణయం జరగక్కర్లేదు. మాట బయటికి వచ్చి, ఇద్దరి మధ్యా ఉంటే చాలు.

గొడవే అయితే? అవుతుంది, ఏడు రోజులు కలిసి ఉంటే కాకుండా ఉండదు. ఎవరో ఒకరు ‘కాసేపు ఆగుదాం’ అనండి. ఆగమన్నవాళ్లే మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందామో కూడా చెప్పాలి: ‘భోంచేశాక మాట్లాడదాం’. వేళ చెప్పకుండా ఆగితే అది అలక అవుతుంది. వేళ చెప్పి ఆగితే అది గౌరవం.

ఏడో రోజు: తాడేపల్లిగూడెం మీదుగా ఇంటికి

చించినాడ వంతెన దాటి పాలకొల్లు రండి. క్షీరారామ లింగేశ్వరుడి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడి నుంచి తాడేపల్లిగూడెం చేరండి. ఏలూరు కాలవ ఇక్కడా ఊరి పక్క నుంచే పోతుంది. ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్‌కు ఈ ఊరు పెట్టింది పేరు. ఇంటికి నాలుగు కిలోలు కొనుక్కోవచ్చు. విజయవాడ, విశాఖపట్నం రెండు వైపులా వెళ్లే రైళ్లు ఇక్కడ ఆగుతాయి.

ఇంకో రోజు చేతిలో ఉంటే గోదావరి నడుమ లంకలో ఉన్న పట్టిసీమ వీరభద్రుడి గుడికి పడవ మీద వెళ్లి రండి. పాపికొండల దాకా వెళ్లాలనుకుంటే అనుమతి ఉన్న బోటులోనే, నది నిమ్మళంగా ఉన్న రోజునే వెళ్లండి.

రైలు కోసం ఎదురుచూస్తూ ఒక కాగితం తీసుకుని ఇద్దరూ కలిసి మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఈ వారంలో నాకు నీ గురించి కొత్తగా తెలిసిందేమిటి? ఇంట్లో కూడా కొనసాగించాల్సింది ఏది? మళ్లీ ఎప్పుడు? మూడో ప్రశ్నకు తేదీ రాయాలి. ‘వీలున్నప్పుడు’ అని రాస్తే వీలు ఎప్పటికీ రాదు.

ఇంటికి వచ్చాక

ప్రయాణం ఇచ్చిన దగ్గరితనం ఇంటి పనుల్లో పడగానే కరగడం మొదలవుతుంది. అమెరికాలో ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఒక విషయం తేలింది: మామూలు పనులు చేసిన జంటల కంటే, కలిసి ఏదైనా కొత్త పని, ఉత్సాహం కలిగించే పని చేసిన జంటలు తమ బంధం పట్ల ఎక్కువ తృప్తి చెందాయి. ఆ ప్రయోగంలో చేయించిన పని కొద్ది నిమిషాలదే. అంటే ఏడాదికోసారి వచ్చే ఏడు రోజులతోపాటు, ప్రతివారం వచ్చే కొన్ని గంటలకూ విలువ ఉంది.

కాబట్టి ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఇవి మొదలుపెట్టండి.

వారానికి ఒక సాయంత్రం ఇద్దరే నీటి దగ్గరికి వెళ్లండి. కాలవ గట్టు, చెరువు గట్టు, ఏదైనా సరే. ఫోన్లు ఇంట్లో ఉంచండి.

రోజుకు ఒక్క పిలుపుకైనా చేస్తున్న పని ఆపి, తల తిప్పి పలకండి. ఆ రోజు పలకలేకపోతే పడుకునే ముందు ‘పొద్దున నువ్వేదో చూపించబోయావు, ఏంటది?’ అని అడగండి.

నరసాపురంలో రాసిన జాబితా వంటింట్లో అతికించండి. మీరు తీసుకున్న మూడు పనులు నెల రోజులు మీరే చేయండి. గుర్తుచేయాల్సిన అవసరం భార్యకు రాకూడదు.

దిండిలో ఎత్తిన పెద్ద మాటను నెలలోపు మళ్లీ ఒకసారి, అవే నియమాలతో, ముందుకు తీసుకెళ్లండి.

ఈ ఏడు రోజులకు సెలవు దొరకదని, ఖర్చని, పిల్లలను ఎవరు చూస్తారని అనిపిస్తుంది. ఆ కష్టాలు నిజమే. పిల్లలను అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంచవచ్చు. ఏడు రోజులు కుదరకపోతే ఏలూరు, కొల్లేటికోట, ఆటపాక, మూడు రోజుల్లో ముగించవచ్చు. అదీ కుదరకపోతే ఒక్క రోజు ఆటపాక వెళ్లి రండి. చిన్నగా మొదలుపెట్టడంలో నామోషీ లేదు. మానేయడం వల్లే నష్టం.

ఒక మాట కొల్లేటి గురించి కూడా. వెళ్లినచోట ప్లాస్టిక్ సీసా పారేయకండి, గూళ్ల దగ్గర అరవకండి, పడవాయనతో బేరం చేసి ఆయన కడుపు కొట్టకండి. మీ ఇద్దరికీ చోటిచ్చిన సరస్సుకు మీరు మిగల్చగలిగిన చోటు అదే.

ఈ అధ్యాయం పక్కన పెట్టగానే లేచి వెళ్లి, క్యాలెండర్ ముందు ఇద్దరూ నిలబడండి. డిసెంబరుకూ ఫిబ్రవరికీ మధ్య ఒక తేదీ చుట్టూ పెన్నుతో గీయండి. ఆ తేదీని ఎవరో ఒకరి పెళ్లికో, ఆఫీసు మీటింగుకో ఇచ్చేయకండి. అది మీ ఇద్దరిది.